చాకిరీకీ తోచకపోవడానికీ మధ్య: ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్లలో బతుకు లెక్క

క్లుప్తంగా

బతుక్కి అర్థం ఎక్కడుందన్న ప్రశ్నకు ఫోన్‌లో వంద జవాబులు దొరుకుతున్నాయి. చిక్కేమిటంటే అవి ఒకదానికొకటి పొసగవు. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు కుటుంబాల రోజువారీ అలవాట్లను దగ్గరగా చూస్తే రెండు సంగతులు తేలతాయి. మనిషి నలుగురి లెక్కలో ఉండాలి, ఆ లెక్కలో తన ఇష్టానికీ కాస్త చోటుండాలి. మొదటిది పోతే ఏమీ తోచదు, రెండోది పోతే మిగిలేది చాకిరీ. వలసలు, ఫోన్లు, పెళ్లి చదివింపుల్లోకి వచ్చిన క్యూఆర్ కోడ్‌లు ఈ రెండింటినీ ఎటు జరుపుతున్నాయన్నది ఈ వ్యాసం విషయం.

బతకనేర్చినవాడు, నిండుగా బతికినవాడు

తెలుగులో ‘బతకనేర్చినవాడు’ అంటే మెప్పు కాదు. మాటను విడదీసి చూస్తే బతకడం నేర్చుకున్నవాడనే ఉంది, అంతకన్నా గొప్ప చదువు ఇంకేముంటుంది? కానీ ఎవరినైనా అలా అన్నారంటే ఎటు గాలి వీస్తే అటు తిరిగే మనిషని, పని గడుపుకోవడం బాగా తెలిసినవాడని లెక్క. ‘లౌక్యం’ గతీ ఇంచుమించు అంతే, సగం మెచ్చుకోలు, సగం ఎత్తిపొడుపు. సరైన పద్ధతిలో బతికిన మనిషి పోయినప్పుడు జనం నోట వచ్చే మాట వేరు. ‘నిండుగా బతికాడు’ అంటారు. కుండకు, చెరువుకు, కడుపుకు, ఇంటికి వాడే మాట అది. ఆస్తి గురించి కాదని చెప్పకుండానే అందరికీ తెలుసు.

నిండడం ఎలా జరుగుతుందన్నదే తేలని ప్రశ్న. ఈ మధ్య అది మరీ గజిబిజి అయింది. ఉన్నదాంతో తృప్తి పడమని ఒక వీడియో చెబుతుంది. అది అయ్యీ కాకముందే పెద్ద కల కనమని, పుట్టుకకు ప్రయోజనం ఏమిటో వెతుక్కోమని ఇంకోటి మొదలవుతుంది. రెండూ విన్న డిగ్రీ కుర్రాడికి మిగిలేది టెన్షన్.

సరిహద్దు జిల్లాల్లో ఈ ప్రశ్నను పరిశీలించడానికి ఒక వీలుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ రోజుతో బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం అటు వెళ్లాయి. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి ఇటు మిగిలాయి. గీత మారింది గానీ చుట్టరికాలు మారలేదు. ఇంట్లో తెలుగు, బజారులో ఒరియా, పిల్లల బడిలో ఒరియా లేదా ఇంగ్లీషు. మిగతాచోట్ల అలవాటుగా, ఎవరూ గమనించకుండా జరిగిపోయే పనులు ఇక్కడ ‘మనది’, ‘వాళ్లది’ అని పక్కపక్కన కనబడతాయి. అందుకే వాటి పనితీరు తేలిగ్గా బయటపడుతుంది.

అర్థం అంటే డబ్బు కూడా

మన భాషలో అర్థం అన్న ఒక్క మాటే భావాన్నీ, ప్రయోజనాన్నీ, ధనాన్నీ చెబుతుంది. ధర్మం, అర్థం, కామం, మోక్షం అని పురుషార్థాలను వరస పెట్టిన పాతవాళ్లు సంపాదనను బతుకు ప్రయోజనాల్లోంచి తీసెయ్యలేదు, ధర్మం తర్వాత చోటిచ్చారు. ఈ వరసను మరిచిపోయి ‘డబ్బులో ఏముంది’ అనేవాళ్లు ఎక్కువగా డబ్బున్నవాళ్లే కావడం యాదృచ్ఛికం కాదు. వడ్డీ కట్టలేక నలుగుతున్న ఇంటికెళ్లి జీవితార్థం గురించి మాట్లాడటం, బియ్యం లేని ఇంట్లో ఆవకాయ రుచి వర్ణించడం లాంటిది.

అవసరం తీరాక మాత్రం డబ్బు పనితీరు మారుతుంది. అమెరికాలో 1978లో వచ్చిన ఒక పరిశోధనలో 22 మంది లాటరీ విజేతలను వాళ్లలాంటి మరో 22 మంది మామూలు మనుషులతో పోల్చారు. విజేతలు చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా లేరు. పైగా స్నేహితుడితో కబుర్లు, పొద్దున్న టిఫిన్, ఎవరో చెప్పిన జోకు లాంటి చిన్నచిన్న వాటిలో వాళ్లకు దొరికే ఆనందం తక్కువగా తేలింది. ఇంత కొద్దిమందిని చూసి తీర్పు చెప్పకూడదు. అయినా ఇందులోని మెలిక ప్రతి ఇంటికీ తెలిసినదే. కొత్త కూలర్ మొదటి వేసవి వైభోగం. రెండో వేసవికి దాని చప్పుడు మీద ఫిర్యాదులు మొదలవుతాయి. వస్తువుకు మనసు అలవాటు పడిపోతుంది. అలవాటు పడినా అరగనిది ఏదైనా ఉందా అన్నది అసలు వెతకాల్సిన సంగతి.

చదివింపుల పుస్తకం

పెళ్లి పందిట్లో ఒక పక్కన చిన్న బల్ల వేస్తారు. దాని వెనక ఇంటికి నమ్మకమైన మనిషి, చాలాసార్లు పెళ్లికూతురి మేనమామో, దస్తూరీ బాగున్న మాస్టారో కూర్చుంటాడు. ముందు పొడుగాటి నోటుపుస్తకం, మొదటి పేజీ మూలలకు పసుపు, పైన ‘శ్రీ’. తర్వాత వరసగా ఇంటిపేరు, పేరు, ఊరు, మొత్తం. పలాస 116, ఛత్రపురం 516, బరంపురం రెండో వీధి 1116. పాతరోజుల్లో ఇచ్చినవారి పేరు, ఇచ్చినదేమిటో పైకి చదివేవారు. చదివింపులన్న పేరు అలా వచ్చిందే.

పెళ్లయ్యాక ఆ పుస్తకం ఇంటి పత్రాలతో పాటు బీరువాలోకి వెళుతుంది. మళ్లీ బయటికొచ్చేది ఎక్కడినుంచైనా శుభలేఖ వచ్చినప్పుడు. ‘వాళ్లు మన పెద్దదాని పెళ్లికి ఎంత రాశారు?’ అని వెతుకుతారు. పన్నెండేళ్ల కిందట 116 రాసినవాళ్లకు ఇప్పుడు 116 రాస్తే చిన్నతనం, అలాగని అయిదు వేలు రాస్తే గొప్ప చూపించుకున్నట్టు. అప్పటి ధరలు, ఇప్పటి ధరలు, వాళ్ల పరిస్థితి, మన పరిస్థితి అన్నీ చూసి ఒక అంకె తేలుస్తారు. ఆర్థికశాస్త్రం చదవని ఇల్లాలు అయిదు నిమిషాల్లో చేసే లెక్క ఇది.

అంకె సున్నాతో ముగియకూడదన్నది నియమం. 116 ఎందుకొచ్చిందన్న దానికి రకరకాల కథలున్నాయి గానీ, సున్నా పెడితే అక్కడికి ముగిసిపోయినట్టు ఉంటుందని, పైన ఎంతో కొంత ఉంటే సంబంధం సాగుతుందని పెద్దలు చెబుతారు. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మాస్ 1925లో చేసిన ప్రతిపాదన దీనికి దగ్గరగా ఉంటుంది. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగివ్వడం అనే మూడు బాధ్యతల మీద చాలా సమాజాలు నిలబడి ఉన్నాయని ఆయన అన్నాడు. తెలుగు ఈ సంగతిని మాటల్లోనే దాచుకుంది. కృతజ్ఞత చెప్పాలంటే ‘రుణపడి ఉంటాను’ అంటారు. మనిషి దూరమైతే ‘రుణం తీరిపోయింది’ అని నిట్టూరుస్తారు. బాకీ పూర్తిగా తీరడం బ్యాంకులో మంచి వార్త, చుట్టరికంలో చెడ్డ వార్త.

ఈ పుస్తకంలో అంతకన్నా ముఖ్యమైన గుణం ఇంకోటుంది. ఇది వచ్చినవాళ్లను రాస్తుంది, దానివల్లే రానివాళ్లను పట్టిస్తుంది. ఆర్నెల్ల తర్వాత బస్టాండులో ఎదురైన చుట్టం ‘ఏటి బావా, మావోడి పెళ్లికి అగుపడలేదు?’ అని నిలదీస్తాడు. అది నిష్ఠూరమే. అందులోనే ఒక ధ్రువపత్రం కూడా ఉంది: నువ్వు రాకపోతే ఖాళీ తెలిసింది. మహానగరంలో అపార్టుమెంటు నాలుగో అంతస్తులో వారం రోజులు తలుపు తెరవని మనిషికి ఎవరూ ఇవ్వని పత్రం అది.

‘లెక్క’ చుట్టూ అల్లుకున్న మాటలు చూస్తే ఈ భావన ఎంత పాతదో తెలుస్తుంది. అవమానపడ్డవాడు ‘నన్ను లెక్కచెయ్యలేదు’ అంటాడు. నిర్లక్ష్యం ‘లెక్కలేనితనం’. మనిషికి కావాల్సింది పొగడ్త కన్నా ముందు లెక్కలోకి రావడం.

దీనికి రెండో పక్క కూడా ఉంది. మాఘమాసంలో నాలుగు శుభలేఖలు ఒకేసారి వస్తే, కూలి పనిమీద బతికే ఇంటికి అది నెల సరుకుల డబ్బు. చదివింపుల కోసం చేబదులు తీసుకునే కుటుంబాలు ఉన్నాయి. నిలబెట్టే తాడే బిగుసుకోవడం అంటే ఇదే. అందువల్ల లెక్కలో ఉండటం ఒక్కటే సరిపోదు.

రెండు మార్గశిరాల ఇల్లు

ఒరియా వాళ్ల మాసం పౌర్ణమితో ముగుస్తుంది, తెలుగువాళ్ల మాసం అమావాస్యతో. పంచాంగంలో ఇది చిన్న తేడా. ఇంటి ముంగిట్లో పదిహేను రోజుల తేడా. ఉదాహరణకు 2023లో కార్తీక పౌర్ణమి నవంబరు 27న వచ్చింది. ఒరియా ఇళ్లలో తొలి మార్గశిర లక్ష్మీవారం నవంబరు 30. తెలుగు పంచాంగం ప్రకారం అప్పటికింకా కార్తీకమే, తొలి లక్ష్మీవారం డిసెంబరు 14న గానీ రాలేదు.

ఈ గురువారాలు సరిహద్దుకు రెండు వైపులా పెద్దవే. ఒడిశాలో ‘మాణబసా గురుబార’ అంటారు. వడ్లు కొలిచే మాణాన్ని నింపి లక్ష్మిగా నిలబెట్టి, గుమ్మం నుంచి పూజగది దాకా నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండితో అమ్మవారి పాదాలు వేస్తారు. ఇటు విశాఖలో కనకమహాలక్ష్మి గుడి దగ్గర మార్గశిర గురువారాలు ఎంత రద్దీగా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఒరియా ఇళ్లలో ఆ రోజు చదివే కథలో లక్ష్మి ఊరంతా తిరిగి, శుభ్రంగా అలికి ముగ్గుపెట్టిన ఒక అంటరాని స్త్రీ ఇంట్లోకి వెళుతుంది. అందుకు కోపించి లక్ష్మిని వెళ్లగొట్టిన ఆమె భర్త జగన్నాథుడు, ఆయన అన్న బలభద్రుడు తిండికి మొహం వాచి, చివరికి లక్ష్మి చేతి వంటే తినాల్సి వస్తుంది. ఎవరు లెక్కలో ఉండాలన్నదాని మీద ఇంత సూటిగా మాట్లాడే కథ ఏడాదికోసారి ఇంటింటా వినబడటం మామూలు సంగతి కాదు. విన్నంత మాత్రాన వీధి మారిపోయిందనీ కాదు.

ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఒరియా కుటుంబాలు ‘బొయిత బందాణ’ పేరుతో కాగితం పడవలు, అరటి దొప్పల పడవలు నీళ్లలో వదులుతాయి. ఒకప్పుడు సముద్రం మీద వ్యాపారానికి వెళ్లినవాళ్ల తలపు అది. పదిహేను రోజులు దాటాక పోలి పాడ్యమి నాడు తెలుగు ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. నీళ్లు అవే, దొప్పలూ అవే, కథలు వేరు. తెలుగువాళ్ల ఉగాది అయ్యాక ఏప్రిల్ మధ్యలో ఒరియా వాళ్ల పణా సంక్రాంతి, మారేడు గుజ్జు పానకం.

రెండు వరసలు పక్కపక్కన ఉన్నప్పుడు ఏది పాటించాలో ఇల్లు తేల్చుకోవాల్సి ఉంటుంది. కోడలు ఒరియా ఇంటి నుంచి వస్తే చర్చ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ముందు గురువారాలా, తర్వాతివా? కొందరు రెండూ చేస్తారు. కొందరు కలిసే గురువారాలకు సరిపెడతారు. ఒకటే పంచాంగం ఉన్న ఊళ్లో ఆచారం గాలిలాంటిది, ఉందని తెలియదు. ఇక్కడ అది ఎంచుకున్న పని అవుతుంది. ఎంచుకున్న పనికి చేసేవాళ్ల దృష్టిలో విలువ పెరుగుతుంది.

చద్దన్నం సంగతి ఇందుకు చక్కని ఉదాహరణ. రాత్రి అన్నంలో నీళ్లుపోసి పులియబెట్టి తినడం రెండు వైపులా పాత అలవాటే. ఉత్తరాంధ్ర ఇళ్లలో తరవాణి కుండ అని ప్రత్యేకంగా ఉండేది. ఒడిశాలో అదే పఖాళ. వాళ్లు మార్చి 20ని పఖాళ దినంగా పెట్టుకుని ఫొటోలు దిగి పంచుకుంటున్నారు. ఇటు తరవాణి కుండ ఎప్పుడు అటకెక్కిందో గుర్తున్నవాళ్లు తక్కువ. అన్నం మారలేదు, దాన్ని చూసే పద్ధతి మారింది.

వృద్ధాశ్రమంలో ఒక మొక్క

లెక్కా, ఇష్టమూ కలిసినప్పుడు ఏమవుతుందో అమెరికాలో ఒక చిన్న ప్రయోగం చూపించింది. ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1976లో కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక వృద్ధుల వసతిలో చేసిన పని అది. ఒక అంతస్తులో ఉన్నవాళ్లకు గది ఎలా సర్దుకోవాలో మీరే చూసుకోండి అని చెప్పి, కావాలంటే ఒక మొక్క ఎంచుకోండి, నీళ్లు మీరే పోయాలి అన్నారు. వారంలో సినిమా ఏ రోజు చూస్తారో కూడా వాళ్లిష్టమే. రెండో అంతస్తులో వాళ్లకూ మొక్కలిచ్చారు, నీళ్లు మాత్రం నర్సులు పోశారు. సినిమా రోజు సిబ్బందే చెప్పారు. కొద్ది వారాల్లోనే మొదటి అంతస్తు వాళ్లు ఎక్కువ చురుగ్గా, ఉత్సాహంగా కనిపించారు.

ఏడాదిన్నర తర్వాత రెండు అంతస్తుల మరణాల్లోనూ పెద్ద తేడా కనిపించిందని వాళ్లు రాశారు. ఆ లెక్కలో పొరపాటు జరిగిందని, తేడా అంత బలమైనది కాదని తర్వాత వాళ్లే సవరణ ప్రకటించారు. మొక్కకు నీళ్లు పోస్తే ఆయుష్షు పెరుగుతుందని చెప్పే వీడియోలు ఆ సవరణను చెప్పవు. ఉత్సాహం సంగతి వరకు నమ్మవచ్చు.

ఇందులో గమనించాల్సింది మొక్క కాదు, మొక్క రెండు అంతస్తులకూ ఉంది. తను నీళ్లు పోయకపోతే వాడిపోయేది ఒకటుండటం, అది తను ఎంచుకున్నదే కావడం, ఈ రెండూ ఒక అంతస్తుకే ఉన్నాయి. సరిహద్దు ఊళ్లలో రిటైరైన గుమాస్తాలను చూస్తే ఇది స్పష్టంగా అర్థమవుతుంది. ఉద్యోగం పోయిన మొదటి నెల విశ్రాంతి బాగుంటుంది. మూడో నెలకు పేపరు రెండుసార్లు చదివి, టీవీ మార్చి మార్చి చూసి, ‘ఏమీ తోచట్లేదు’ అంటాడు. గుడి తాళంచెవి చేతికొచ్చినవాడో, వీధి పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పేవాడో ఆ మాట అనడు. పొద్దున్న అయిదింటికి గుడి తెరవకపోతే పూజారి వచ్చి తలుపు కొడతాడు.

మూడో నాడె

బరంపురాన్ని పట్టునగరం అంటారు. అక్కడి బరంపురి పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ఊరి నేతగాళ్ల మూలాలు తెలుగు నేలవే. రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో బూఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టుగా నేతవారి కులపెద్ద దేశిబెహెరా వీధికి వస్తుంది. అమ్మవారు ఏ ఇంటి ఆడపడుచో ఊరంతటికీ తెలుసు.

బరంపురి పట్టుచీరకు పేరు తెచ్చింది అంచుమీద గుడి గోపురాల్లా వచ్చే కుంభాలు. ఒంటిరంగు వేరు, అంచురంగు వేరు, రెండూ కలిసేచోట పళ్లుపళ్లుగా రావాలి. అందుకు పాత పద్ధతిలో మూడు నాడెలు, అంటే అడ్డపోగును అటూ ఇటూ నడిపేవి, కావాలి. ఒకటి చీర ఒంటికి, రెండు అటూ ఇటూ అంచులకు. గుంటమగ్గంలో కూర్చున్న ఒక్క మనిషికి ఇది కుదిరే పని కాదు. పక్కన ఇంకొకరు కూర్చుని నాడె అందుకోవాలి, తిప్పి పంపాలి. ఇంట్లో ఎవరో కండెలు చుట్టాలి. పక్కన కూర్చునేది పదేళ్ల కొడుకైనా వాడు లేకపోతే ఆ పూట మగ్గం ఆగుతుంది.

ఇప్పుడు దీన్ని సూరత్‌తో పోల్చాలి. గంజాం జిల్లా నుంచి అక్కడి మరమగ్గాల మీద పనికి వెళ్లినవాళ్లు లక్షల్లో ఉంటారు, ఎక్కువమంది ఒరియా వాళ్లే. పన్నెండు గంటల షిఫ్టు, ఒక మనిషికి అరడజనో అంతకన్నా ఎక్కువో మగ్గాలు, చెవులు గింగురుమనే చప్పుడు. ‘మెస్’ అనే గదుల్లో పగటి షిఫ్టువాడు లేచిన చాపమీదే రాత్రి షిఫ్టువాడు వాలతాడు. ఒకడు రాకపోతే గేటు దగ్గర ఇంకొకడు సిద్ధంగా ఉంటాడు. మగ్గం ఆగదు.

ఇక్కడ పాతదాన్ని మెచ్చుకుని ఊరుకుంటే అన్యాయం. మూడో నాడె పట్టిన పిల్లవాడు బడికి వెళ్లలేదు. గుంటమగ్గం మీద రోజుల తరబడి నేసిన చీరకు మిగిలే కూలి ఇల్లు గడవడానికి చాలకే జనం మగ్గాలు వదిలారు. సూరత్ డబ్బుతో సొంతూళ్లో స్లాబు పడింది, చెల్లెలి పెళ్లి అయింది. మరమగ్గం దగ్గర తనెవరి లెక్కలోనూ లేని మనిషి, మనియార్డరు కాలం నుంచి ఫోన్‌పే కాలం దాకా ఊళ్లో ఇంటి లెక్కకు ఆధారంగానే ఉన్నాడు. వెయ్యి మైళ్ల అవతల పనిలో కనబడని అర్థం, నెలకోసారి పంపే డబ్బులో కనబడుతుంది. కరోనా లాక్‌డౌన్‌లో, 2020 మే నెలలో శ్రామిక్ రైళ్లలో వాళ్లు గంజాం తిరిగొచ్చారు. ఇంట్లో ఉన్నారు, పక్కన పిల్లలున్నారు, డబ్బు పంపే పని మాత్రం పోయింది. రైళ్లు మామూలుగా తిరగడం మొదలయ్యాక చాలామంది మళ్లీ వెళ్లిపోవడానికి మొదటి కారణం ఆదాయమే. అదొక్కటే కారణమంటే నమ్మడం కష్టం.

పర్లాకిమిడి మాస్టారు

‘మీ పుట్టుక ప్రయోజనం ముందు తేల్చుకోండి, తర్వాత పని మొదలుపెట్టండి’ అన్నది వీడియోల వరస. ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన ఒక జీవితం ఆ వరసను తిరగేస్తుంది. 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పదిహేడేళ్ల వయసుకే పర్లాకిమిడిలో బడిపంతులు. ఊరికి ఆనుకున్న కొండల్లోంచి సవర గిరిజనులు సంతకు వచ్చేవారు. వాళ్ల మాట ఎవరికీ తెలియదు, వాళ్ల పిల్లలకు బడి లేదు. చెవిన పడ్డ ఆ భాషను ఆయన నేర్చుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత పాఠాలు రాశాడు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టాడు. సవర వ్యాకరణం అచ్చయింది 1931లో. అప్పటికాయనకు అరవై ఎనిమిదేళ్లు.

పుస్తకాల తెలుగు వదిలి వాడుక తెలుగు రాయాలన్న ఉద్యమం ఆయనకు పేరు తెచ్చింది, ఆంధ్రలో ఆగస్టు 29 ఆయన పుట్టినరోజుగానే తెలుగు భాషా దినోత్సవం. కానీ రోజుల లెక్కలో చూస్తే ఆ జీవితంలో ఎక్కువ భాగం పాఠాలు చెప్పడం, మాటలు రాసుకోవడం, ఒక మాట ఎలా పలుకుతారో మళ్లీ అడగడం. లక్ష్యం పనిలోంచి పుట్టింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలవడం ఆయనకు నచ్చలేదు. డెబ్బై దాటిన వయసులో ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లాడు, 1940లో పోయాడు. ఊరు విడిచిపెట్టడం కూడా ఆయన ఎంచుకున్నదే.

గాలివాన తర్వాత

ఈ తీరంలో తేదీలను తుపాన్లతో గుర్తుపెట్టుకుంటారు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు పడిపోయాయి, గజపతి కొండల్లో చరియలు విరిగాయి. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్లు పైనే పడుతుంది. అయినా అరవై దాటిన రైతులు మళ్లీ మొక్కలు పాతారు. దీన్ని ధైర్యమనో ఆశావాదమనో వర్ణించడం పత్రికల అలవాటు. అడిగితే వాళ్లు చెప్పే జవాబు సాదాగా ఉంటుంది, నేల ఖాళీగా ఉంచకూడదు కదా అని. తోట తనది కాదు, తాత నుంచి మనవడికి పోతూ మధ్యలో తన చేతిలో ఉంది అనుకునేవాడికి కాపు తను చూడకపోవడం పెద్ద అడ్డంకి కాదు.

ఆడవాళ్ల పద్దు

పైన చెప్పిన పనులన్నీ మరోసారి చూస్తే ఒక సంగతి కళ్లబడుతుంది. చదివింపుల పుస్తకం తీసి అంకె తేల్చేది ఇల్లాలు. రెండు మార్గశిరాలకూ నాలుగింటికి లేచి కడిగేది, బియ్యం నానబెట్టి రుబ్బేది ఆమె. కండెలు చుట్టింది ఆమె. ఇంటి లెక్కలన్నిట్లో ఆమె ఉంది, అవసరమైనదానికన్నా ఎక్కువే ఉంది. అయితే ‘మానేస్తాను’ అనే వీలు ఎంత? అర్థవంతమైన ఆచారమని మగవాళ్లు మెచ్చుకునే చాలా పనులు చేసేవాళ్ల వైపునుంచి ఒట్టి చాకిరీ కావడానికి కారణం పనిలో లేదు, ఇష్టం అడగకపోవడంలో ఉంది.

బరంపురం అప్పడాలకూ, పచ్చళ్లకూ పేరున్న ఊరు. అప్పడమే తీసుకుంటే తేడా తెలుస్తుంది. ఇంట్లో అత్తగారు చెప్పింది కాబట్టి ఎండలో కూర్చుని వంద అప్పడాలు ఒత్తడం ఒకటి. వీధిలో నలుగురితో కలిసి మినప్పిండి ఉండలు చేసుకుని, కబుర్లు చెప్పుకుంటూ కూలికి ఒత్తడం ఇంకోటి. నడుము నొప్పి రెండింట్లోనూ అంతే. కూలీ చెప్పుకోదగ్గదేమీ కాదు. కానీ రెండోదాంట్లో చేతిలోకి డబ్బొస్తుంది, ఒంట్లో బాగోకపోతే రేపు రానని చెప్పొచ్చు, రాకపోతే ‘ఏమైంది వదినా’ అని ఎవరో వచ్చి అడుగుతారు.

ఇక ముందు

వచ్చే పదేళ్లలో ఈ ప్రాంతంలో పెరిగేది చాకిరీ కన్నా తోచకపోవడమే అనిపిస్తుంది. చదువుకున్న పిల్లలు విశాఖకో, హైదరాబాదుకో, భువనేశ్వరానికో వెళుతున్నారు. వాళ్లకు ఇష్టాలు కొల్లలు, ఏ పండగ చెయ్యాలో, ఎవరితో మాట్లాడాలో అంతా వాళ్ల చేతుల్లోనే. తగ్గుతున్నది లెక్క. ఊళ్లో మిగిలిన తల్లిదండ్రుల పరిస్థితి మరోలా ఉంది. వాళ్ల మీద ఆధారపడేవాళ్లు ఊళ్లో లేరు. తెలుగు చదివే పిల్లలు తగ్గిన కొద్దీ తాతలు చెప్పగలిగినవి వినే చెవులు కూడా తగ్గుతాయి.

కుటుంబాల వాట్సాప్ గ్రూపులు కొంతవరకు ఆ ఖాళీని పూడుస్తున్నాయి. అరవై మంది ఉన్న గ్రూపులో పండగనాడు దండాల బొమ్మలు అరవై వస్తాయి. ఒకరు పెట్టకపోయినా తెలియదు. పుస్తకానికీ గ్రూపుకూ తేడా అదే. పుస్తకంలో ఖాళీ కనబడేది.

పెళ్లి పందిట్లో బల్లమీదకు ఇప్పుడు క్యూఆర్ కోడ్ అట్ట వచ్చింది. అది తేలిక, దొంగభయం లేదు, సూరత్‌లో ఉన్నవాడూ అక్కడినుంచే చదివించవచ్చు. చదివింపులో అసలైన చదవడం మాత్రం పోయింది, డబ్బు బ్యాంకు మెసేజ్‌గా వచ్చి మిగతా మెసేజ్‌ల కింద పడిపోతుంది. అయితే కొన్ని ఇళ్లు ఒక ఉపాయం కనిపెట్టాయి. అప్పగింతలయ్యాక, వంటవాళ్లు గిన్నెలు సర్దుతుండగా, ఫోన్ చూస్తూ ఒకరు పేర్లు పైకి చదువుతారు, మేనమామ పసుపు రాసిన పుస్తకంలో ఎక్కిస్తాడు. కొన్ని పేర్ల దగ్గర ఫోన్‌లో ఇంగ్లీషు పొడి అక్షరాలే ఉంటాయి. ‘ఈ జీ వీ ఆర్ ఎవరే?’ అని లోపలికి కేకేస్తారు. జవాబొచ్చేదాకా కలం ఆగుతుంది.